దగ్గుకు ఏ మందు? అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ మధ్య ఎంపిక

2024 అక్టోబరులో ఒక సాయంత్రం నా బల్ల మీద రెండు మందులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి గులాబీ రంగు అమాక్సిసిలిన్ సిరప్. ఐదు రోజులు వాడగా సీసా అడుగున రెండు చెంచాలు మిగిలింది. రెండోది ఇండియాలో కొని సూట్‌కేసులో సర్దుకుని తెచ్చుకున్న అజిత్రోమైసిన్ మాత్రల షీటు. ఇంకా చించలేదు. ఎదురుగా నాలుగేళ్ల పిల్లవాడు. పది రోజులుగా దగ్గు, జ్వరం దిగడం లేదు. వాడి నానమ్మ ఆ రెండు మందులనూ నా వైపు జరిపి, "వీటిలో ఏది మంచిది బాబూ?" అని అడిగారు.

న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా వచ్చే క్లినిక్ మాది. ఆ శరదృతువంతా ఇదే ప్రశ్నను కొత్తగా చేరిన డాక్టర్లూ, నర్సులూ కూడా వేరే మాటల్లో అడుగుతూనే ఉన్నారు. అమాక్సిసిలిన్‌తో మొదలుపెట్టాలా, నేరుగా అజిత్రో రాసేయాలా? పరీక్ష చేయించాలా, చూసి రాయాలా? వాళ్లకు అప్పుడు చెప్పిన జవాబులనే, ఇక్కడా అక్కడా దగ్గు రోగులను చూసే తెలుగు వైద్యుల కోసం రాస్తున్నాను. రోగుల ఇంట్లోవాళ్లు చదివితే మంచిదే కానీ, ఇందులోని మోతాదులు చూసి సొంతంగా మందు వేసుకోవద్దు.

ముందుగా ఒక మాట. ఫలానా యాంటీబయాటిక్ "పవర్‌ఫుల్", ఫలానాది "మైల్డ్" అనే లెక్క మన వాళ్లలో బాగా పాతుకుపోయింది. డాక్టర్లకూ అది లేకపోలేదు. ఆ లెక్కతో చూసినంత కాలం ఎంపిక తప్పుతూనే ఉంటుంది. ఏ క్రిమికి ఏ మందు తగులుతుందన్నదే చూడాలి.

ఆ ఏడాది పెరిగినవి ఏవి?

కోవిడ్ కాలంలో మాస్కులు, బడుల మూసివేత వల్ల చాలా శ్వాసకోశ క్రిములు అణిగిపోయాయి. తర్వాత ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ముందుగా వచ్చినవాటిలో గొంతు వాపు తెచ్చే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ ఒకటి. 2022 డిసెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్ సహా అయిదు యూరప్ దేశాల్లో ఆ కేసులు పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. బాగా ఆలస్యంగా వచ్చింది మైకోప్లాస్మా న్యుమోనియే అనే, నిమ్ము (న్యుమోనియా) తెచ్చే బ్యాక్టీరియా. 2023 చివర్లో చైనాలో పిల్లల ఆసుపత్రులు కిక్కిరిసిపోవడానికి కారణమైన క్రిముల్లో ఇదీ ఉంది. డెన్మార్క్, ఫ్రాన్స్‌లలోనూ అప్పుడే విజృంభించింది.

అమెరికాలో 2024 వసంతం చివరి నుంచి మైకోప్లాస్మా ఎక్కసాగింది. ఆ అక్టోబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వైద్యులకు ఇచ్చిన సమాచారంలో నన్ను ఆపి చదివించిన అంకె ఒకటుంది. న్యుమోనియాతో ఎమర్జెన్సీకి వచ్చిన 2 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో మైకోప్లాస్మాగా తేలినవారు మార్చి చివరికి 1 శాతం ఉంటే, అక్టోబరు తొలివారానికి 7.2 శాతమయ్యారు. బడి వయసు పిల్లల్లో 3.6 నుంచి 7.4 శాతానికి పెరిగింది. పెద్ద పిల్లల్లో ఇది మామూలే. అంత చిన్న పిల్లల్లో మైకోప్లాస్మాను అనుమానించమని మాకు చదువుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

కోరింత దగ్గు కథ వేరు. అమెరికాలో 2023లో దాదాపు 7 వేల కేసులుంటే 2024లో 35 వేలు దాటాయి. కోవిడ్‌కు ముందు 2019లో అవి 18 వేల పైచిలుకు. అంటే పాత స్థాయికి రావడంతో ఆగకుండా దాన్ని రెట్టింపు చేసింది.

మూడు దగ్గులను విడదీయడం

మందు ఎంపిక ప్రిస్క్రిప్షన్ పుస్తకం తెరిచినప్పుడు మొదలు కాదు. "ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, ఇంట్లో ఇంకెవరికి?" అని అడిగినప్పుడే సగం అయిపోతుంది. చాలా దగ్గులు వైరస్‌వే, వాటికి ఈ మందులేవీ అక్కర్లేదు. ఆ దశ దాటి బ్యాక్టీరియా అనిపించినప్పుడే కింది పోలిక.

న్యూమోకాకస్ వల్ల వచ్చే నిమ్ము తలుపు తన్నుకుని వస్తుంది. నిన్న ఆడుకున్న పిల్లవాడు ఈ రోజు చలి, వణుకు, అధిక జ్వరంతో మంచం పడతాడు. శ్వాస వేగంగా ఉంటుంది. పెద్దవాళ్లు ఒక పక్క ఛాతీ పట్టుకుని, ఊపిరి తీసుకుంటే పొడుస్తోందంటారు. పిల్లలు కడుపు నొప్పి అంటారు. ఊపిరితిత్తి కింది భాగంలో నిమ్ము చేరితే నొప్పి పొట్టలో తెలుస్తుంది. అపెండిసైటిస్ అనుకుని సర్జన్ దగ్గరికి వెళ్లి, ఎక్స్‌రేలో నిమ్ము తేలి మా దగ్గరికి తిరిగి వచ్చిన పిల్లలున్నారు.

మైకోప్లాస్మా అలా రాదు, మెల్లగా చేరుతుంది. తలనొప్పి, గొంతు నొప్పి, నలత, ఆ తర్వాత పొడి దగ్గు. వారం గడిచినా దగ్గు పెరుగుతుందే కానీ తగ్గదు. మనిషి మాత్రం తిరుగుతూనే ఉంటాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడనుకుంటే ఎక్స్‌రే మరోలా ఉంటుంది. దీన్ని ఇంగ్లీషులో నడిచే న్యుమోనియా అనడం ఇందుకే. నాకు అన్నిటికంటే పనికొచ్చిన ఆనవాలు ఇంటి కేలెండరు. ఈ క్రిమి ఒంట్లోకి చేరాక బయటపడటానికి 1 నుంచి 4 వారాలు పడుతుంది. అందుకే ఇంట్లో అందరికీ ఒకేసారి రాదు. దసరా సెలవులకు ముందు అక్కకు, రెండు మూడు వారాలకు తమ్ముడికి, ఆ తర్వాత తండ్రికి. ఇలా వాయిదాల మీద దగ్గు తిరుగుతున్న ఇల్లు కనిపిస్తే నా అనుమానం మైకోప్లాస్మా మీదికి వెళుతుంది. దగ్గుతో పాటు నోటి పూత, పెదవులు పగలడం, కళ్లు ఎర్రబారడం ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఈ క్రిమి కొందరిలో తీవ్రమైన నోటి, చర్మ వ్యాధిని తెస్తుంది.

కోరింత దగ్గులో జ్వరం ఉండదు, ఉన్నా నామమాత్రం. తెరలు తెరలుగా దగ్గి, ముఖం ఎర్రబడి, చివర్లో వాంతి చేసుకుంటారు. తెర దాటాక ఏమీ జరగనట్టు ఆడుకుంటారు. అందుకే క్లినిక్‌లో ఆ దగ్గు మనకు వినిపించదు, తల్లి ఫోనులో తీసిన వీడియోలో వినిపిస్తుంది. వీడియో అడగండి. దగ్గు తెర చివర ఊపిరి లాగినప్పుడు వచ్చే కూత నెలల పిల్లల్లో ఉండకపోవచ్చు. దగ్గడానికి బదులు ఊపిరి ఆగిపోతుంది, నీలిబారతారు. మూడు నెలల లోపు బిడ్డ విషయంలో "ఒకటి రెండు సార్లు ఊపిరి బిగబట్టాడు" అని తల్లి చెబితే, అప్పటికి బిడ్డ ఎంత హాయిగా నిద్రపోతున్నా సరే, ఆసుపత్రికి పంపాల్సిందే. రక్త పరీక్షలో లింఫోసైట్లు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) బాగా పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది.

గొంతు నొప్పి, జ్వరం, మెడ గ్రంథుల వాపు ఉండి దగ్గు లేకపోతే అది స్ట్రెప్ గొంతు కావచ్చు. దానికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ 10 రోజులు. ఈ క్రిమి ఇంతవరకు పెన్సిలిన్‌కు లొంగకుండా పోలేదు, అజిత్రోకు మాత్రం చాలాచోట్ల మొండికేస్తోంది. పెన్సిలిన్ పడనివాళ్లకు తప్ప ఇక్కడ అజిత్రో మాటే ఎత్తక్కర్లేదు.

ఇక మందులు

అమాక్సిసిలిన్ బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టనివ్వదు. ఆ గోడ కూలితే క్రిమి చస్తుంది. న్యూమోకాకస్‌కు గోడ ఉంది, కాబట్టి మందు పనిచేస్తుంది. మైకోప్లాస్మాకు పుట్టుకతోనే గోడ లేదు. గోడ లేని ఇంటికి కన్నం వేయబోయినట్టు, దాని ముందు అమాక్సిసిలిన్ నిష్ఫలం. క్లావులనేట్ కలిపినా అంతే, సెఫిక్సిమ్ ఇచ్చినా అంతే, ఆసుపత్రిలో సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్ పొడిచినా అంతే. ఆ కుటుంబం మందులన్నీ ఒకే కుదురు.

అయినా, ఇంటి దగ్గర వైద్యం చేయదగిన మామూలు నిమ్ముకు నా మొదటి ఎంపిక ఇప్పటికీ అమాక్సిసిలిన్. ముఖ్యంగా అయిదేళ్ల లోపు పిల్లల్లో. ప్రాణం తీసే శక్తి ఎక్కువగా ఉన్నది న్యూమోకాకస్‌కు, దాని మీద అమాక్సిసిలిన్‌కు మంచి పట్టు ఉంది. అమెరికాలో పిల్లలకు కిలో బరువుకు రోజుకు 90 మి.గ్రా., రెండు విడతలుగా ఇస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 80 మి.గ్రా. తప్పు జరిగేది ఇక్కడే. మందు సరైనదే రాసి, భయపడి సగం మోతాదు ఇచ్చి, పనిచేయలేదని మార్చేస్తారు. వ్యవధి గురించి కూడా మనసు మార్చుకోవాలి. కెనడా, బ్రిటన్, అమెరికాల్లో జరిగిన పరిశోధనల్లో తీవ్రం కాని నిమ్ము ఉండి కోలుకుంటున్న పిల్లలకు తక్కువ రోజుల వైద్యం ఎక్కువ రోజుల వైద్యానికి తీసిపోలేదు. నేను 5 రోజులే రాస్తాను. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు.

అజిత్రోమైసిన్ గోడ జోలికి పోదు, క్రిమి లోపల ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. మైకోప్లాస్మాకు, కోరింత దగ్గుకు ఇదే మొదటి మందు. మైకోప్లాస్మాలో పిల్లలకు మొదటి రోజు కిలోకు 10 మి.గ్రా., తర్వాత నాలుగు రోజులు 5 మి.గ్రా. కోరింత దగ్గులో కూడా అంతే, కాకపోతే ఆరు నెలల లోపు బిడ్డకు అయిదు రోజులూ 10 మి.గ్రా. నెల లోపు శిశువుకు ఎరిత్రోమైసిన్ వద్దు. జీర్ణాశయం చివర దారి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అజిత్రో ఇచ్చినా కొన్ని వారాల పాటు వాంతులను గమనించమని తల్లికి చెప్పాలి.

ఈ మందు మీద నాకున్న ఫిర్యాదు అది చెడ్డదని కాదు, తేలికైనదని. రోజుకు ఒక్కసారి, అయిదే రోజులు. అందుకే ప్రతి జలుబుకూ రాసి దాన్ని మొండిచేశాం. ఒక ప్రాంతంలో 25 శాతానికి పైగా న్యూమోకాకస్‌లు ఇలాంటి మందులకు లొంగకపోతే, పెద్దవాళ్ల నిమ్ముకు అజిత్రో ఒక్కటే రాయవద్దని 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమెరికాలోనే చాలాచోట్ల ఆ గీత దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అమాక్సిసిలిన్‌ను, డాక్సీసైక్లిన్‌ను అందరికీ అందుబాటులో ఉండాల్సిన జాబితాలో పెట్టి, అజిత్రోను కనిపెట్టి వాడాల్సిన జాబితాలో పెట్టింది ఊరికే కాదు. గుండె లయ తేడా ఉన్నవాళ్లలో, గుండె లయను మార్చే ఇతర మందులు వాడుతున్నవాళ్లలో ఈసీజీ చూడకుండా రాయవద్దు.

డాక్సీసైక్లిన్ ఈ ముగ్గురిలో పెద్దగా ఎవరూ పట్టించుకోని పిల్లవాడు. నా ఉద్దేశంలో పెద్దవాళ్ల నిమ్ములో దీన్ని రాయాల్సినంతగా రాయడం లేదు. న్యూమోకాకస్, మైకోప్లాస్మా రెండింటి మీదా పనిచేస్తుంది, చవక, 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. అజిత్రోకు లొంగని మైకోప్లాస్మా ఎదురైనప్పుడు మొదట గుర్తుకు రావాల్సింది కూడా ఇదే. చైనా, జపాన్‌లలో అలాంటి మొండి రకం చాలా ఎక్కువ, అమెరికాలో ఇంకా తక్కువే. పిల్లల పళ్లు పసుపు రంగులోకి మారతాయన్న భయం పాత టెట్రాసైక్లిన్ నాటిది. 21 రోజులు మించనంత వరకు ఏ వయసు పిల్లలకైనా డాక్సీ ఇవ్వవచ్చని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కొన్నేళ్ల క్రితమే చెప్పింది. గర్భిణులకు వద్దు. మాత్ర వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగి అరగంట పడుకోవద్దని చెప్పడం మరిచిపోతే, గొంతు కింద మంటతో రోగి వెనక్కి వస్తారు. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. కోరింత దగ్గుకు మాత్రం ఇది జవాబు కాదు. అక్కడ అజిత్రో పడకపోతే రెండు నెలలు దాటినవారికి కోట్రైమాక్సజోల్ ఉంది.

లివోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ గురించి ఒక్క పేరాయే రాస్తాను, ఎందుకంటే అది మొదటి వరుసలో ఉండకూడదు. చాలా క్రిములను కొడుతుంది, నిజమే. కండర బంధాలు తెగడం, నరాల ఇబ్బందులు ఉన్నాయి. వేరే దారి ఉన్నప్పుడు మామూలు బ్రాంకైటిస్‌కు, సైనసైటిస్‌కు వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. అన్నిటినీ మించి, అది టీబీ మీద కూడా కొంత పనిచేస్తుంది. టీబీ ఉన్న మనిషికి వారం లివోఫ్లాక్సాసిన్ ఇస్తే జ్వరం దిగుతుంది, ఆకలి వేస్తుంది, అందరూ సంతోషిస్తారు. రోగం మాత్రం లోపల ఉంటుంది, గుర్తించడం వారాల పాటు వెనక్కి పోతుంది.

పరీక్ష చేయాలా, చూసి రాయాలా?

ఇంటి దగ్గర వైద్యం చేయగలిగే నిమ్ముకు ప్రతిసారీ పరీక్ష అక్కర్లేదు. ఎక్స్‌రే కూడా తప్పనిసరి కాదు. జవాబు మీ నిర్ణయాన్ని మార్చేటప్పుడే డబ్బు ఖర్చు పెట్టించండి. మైకోప్లాస్మాకు, క్రిమి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష మేలు. ముక్కు వెనక నుంచీ గొంతు నుంచీ రెండు స్వాబ్‌లు తీస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. అయితే ఆరోగ్యంగా ఉన్న పిల్లల గొంతులోనూ ఈ క్రిమి దొరుకుతుంది కాబట్టి, లక్షణాలు సరిపోకుండా పాజిటివ్ వస్తే దానికి వైద్యం చేయకండి. మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే, యాంటీబాడీలను చూసే ఐజీఎం రక్త పరీక్ష అటు తొలి రోజుల్లో తప్పుతుంది, ఇటు పాత ఇన్ఫెక్షన్‌కు నెలల తరబడి పాజిటివ్ చూపుతుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే పీసీఆరే.

కోరింత దగ్గులో పరీక్షకు గడువు ఉంది. దగ్గు మొదలైన మూడు వారాల లోపు పీసీఆర్, అది దాటిపోయాక సీరాలజీ, అంటే యాంటీబాడీల రక్త పరీక్ష. ఇక్కడ మాత్రం అనుమానం గట్టిగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. తెరల దగ్గు దశ వచ్చాక మందు దగ్గును పెద్దగా తగ్గించదు, ఇతరులకు అంటకుండా మాత్రం ఆపుతుంది. దగ్గు మొదలయ్యాక, ఏడాది దాటినవారికి మూడు వారాల లోపు, ఏడాది లోపు పిల్లలకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ఆరు వారాల లోపు మందు మొదలుపెట్టడంలో అర్థం ఉంది. మందు మొదలెట్టిన అయిదు రోజుల దాకా బడికి పంపకూడదు. ఇంట్లో అందరికీ ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. మైకోప్లాస్మాలో అలా ఇంటిల్లిపాదికీ ఇవ్వడం మామూలుగా అవసరం లేదు. ఇంకో తేడా, అమెరికాలో కోరింత దగ్గును ఆరోగ్య శాఖకు తెలపడం తప్పనిసరి, మైకోప్లాస్మాకు జాతీయ స్థాయిలో అలాంటి నియమం లేదు.

మార్చాలా, ఆగాలా?

మందు మొదలెట్టాక 48 నుంచి 72 గంటలకు ఒకసారి చూడండి. చూడాల్సింది దగ్గును కాదు, జ్వరాన్నీ శ్వాస వేగాన్నీ. సరైన మందు పడినా మైకోప్లాస్మా దగ్గు వారాల తరబడి ఉంటుంది. దగ్గు తగ్గలేదని మూడో రోజున మందు మార్చడం క్లినిక్‌లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు. జ్వరం దిగి, అన్నం తింటూ, ఇంకా దగ్గుతున్న పిల్లవాడు కోలుకుంటున్నాడు. జ్వరం అలాగే ఉండి, పిల్లవాడు మరీ నీరసపడకుండా ఉంటే, అమాక్సిసిలిన్ నుంచి అజిత్రోకు మారడం తర్కబద్ధం. జ్వరంతో పాటు ఆయాసం పెరిగితే మందు మార్పు చాలదు, ఎక్స్‌రే తీయాలి. ఊపిరితిత్తి చుట్టూ నీరో చీమో చేరి ఉండవచ్చు.

చొక్కా ఎత్తి, బిడ్డ ఏడవనప్పుడు, నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, అంత ఉన్నా అంతకు మించినా అది వేగమే. డొక్కలు ఎగరేయడం, ఆక్సిజన్ 90 శాతం లోపు పడిపోవడం, పాలు తాగలేకపోవడం, మగతగా ఉండటం ఉంటే అమాక్సిసిలిన్ అయినా అజిత్రో అయినా ఒకటే, ఆసుపత్రికి పంపాలి. పెద్దవాళ్లలో తికమక మాటలు, శ్వాస 30 లేదా ఎక్కువ, బీపీ పడిపోవడం, 65 ఏళ్లు లేదా అంతకు మించిన వయసు ఉన్నాయేమో చూడండి. ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లకు గోడను కొట్టే కుటుంబం మందునూ అజిత్రో లాంటి మందునూ కలిపి ఇవ్వడం సబబే. బయట రోగికి మాత్రం "దేనికైనా మంచిది" అని రెండూ కలిపి రాసే అలవాటు మానుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పనిచేసేవారికి ఈ పోలిక రెండు చోట్ల మారుతుంది. న్యూమోకాకస్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలై 2021లో దేశమంతటా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరింది కాబట్టి, పిల్లల టీకా కార్డు చూడకుండా అంచనా వేయవద్దు. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలు, ఈ మూడు గళ్లూ నిండి ఉన్నాయా చూడండి. రెండోది టీబీ. రెండు వారాలు దాటిన దగ్గుకు యాంటీబయాటిక్ మార్చడం కంటే కఫాన్ని టీబీని పట్టే సీబీనాట్ పరీక్షకో ట్రూనాట్ పరీక్షకో పంపడం ముందు రావాలి.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. పిల్లవాడికి ఎనిమిదేళ్ల అక్క ఉంది. మూడు వారాల కింద ఆమెకూ ఇదే దగ్గు. అయిదు రోజులు సరైన మోతాదులో అమాక్సిసిలిన్ పడ్డాక కూడా జ్వరం, వీపు మీద రెండు పక్కలా గురగుర, శ్వాస 36, ఆక్సిజన్ 96. స్వాబ్ పంపి, అజిత్రో సిరప్ రాశాను. సూట్‌కేసు మాత్రలు పెద్దవాళ్ల మోతాదువి, వాటిని ముక్కలు చేసి నాలుగేళ్ల వాడికి వేయవద్దన్నాను. మూడో రోజుకు జ్వరం దిగింది. పీసీఆర్ మైకోప్లాస్మా అని వచ్చింది.

ఆ రోజు వాళ్లు లేచి వెళ్లబోతుంటే నానమ్మ గుమ్మం దగ్గర ఆగి దగ్గారు. "మీకెన్నాళ్ల నుంచి అమ్మా?" అన్నాను.

"నాదేముంది బాబూ, ఇక్కడి చలి."

"ఇక్కడికి వచ్చాక మొదలైందా?"

ఆవిడ కోడలి వైపు చూశారు. "అత్తయ్యా, విమానం ఎక్కేటప్పటికే ఉంది కదా" అంది ఆ అమ్మాయి. లెక్కవేస్తే అయిదు వారాలు. బరువు కూడా కొంచెం తగ్గారట. అదే సూట్‌కేసులో లివోఫ్లాక్సాసిన్ షీటు కూడా ఉందని, రేపటి నుంచి వేసుకుందామనుకుంటున్నారని అప్పుడు తెలిసింది. ఆవిడకు మాస్కు ఇచ్చి, మళ్లీ కూర్చోబెట్టి, ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష రాశాను. ఆ షీటు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.